నోరు కడిగిన నీళ్ళు

మెడ తుడుచుకున్న రుమాలుతోనే నా కుర్చీ కూడా తుడిచి, "కూర్చోమ్మా, కొత్త పెళ్ళికూతురు నిలబడగూడదు" అన్నారు స్కూలు కరస్పాండెంట్ మురళీధర్ గారు. ఆ తడి మీద పూర్తిగా కూర్చోలేక అంచున ఆనుకున్నాను. అప్పటికి నాకది నవ్వొచ్చే సంగతే. పెళ్ళయిన కొత్త. ఆ ఏప్రిల్లో నాకు ఏది చూసినా నవ్వొచ్చేది. ఎండకు కరిగి చెప్పుకు అంటుకున్న తారును చూసినా నవ్వే.

మా ఆయన డానీ ఆ స్కూలు వ్యాను నడుపుతాడు, సాయంత్రం పిల్లలతో ఆటలు ఆడించేదీ తనే. మా అత్తమ్మ యేసుమణి అక్కడే ఆయా. నేను బీఎస్సీ, బీఈడీ. "ముగ్గురూ ఒకే చోట. ఉండడానికి మేడ మీద గది గూడ ఇస్తాండా. ఇంకేం గావాలమ్మా?" అన్నారు మురళీధర్ గారు.

నిజంగానే ఇంకేం కావాలో నాకు తోచలేదు. పుల్లలచెరువు రోడ్డు పక్కన స్కూలు, దాని మేడ మీద రేకుల వరండాతో ఒక గది. కిటికీ తెరిస్తే నల్లమల కొండలు. పొద్దున్నే డానీ సెంటర్‌కు వెళ్ళి బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పొట్లం కట్టించుకొస్తే, నూనె కాగితం మీదే ఇద్దరం తినేవాళ్ళం. వ్యాను వెనక్కి తీసేటప్పుడు వచ్చే పాటకు నేను మేడ మీద చేతులూపుతూ గెంతేదాన్ని. అద్దంలో నన్ను చూసి నవ్వుతూ డానీ ఒకసారి వ్యానును గోడకు ఆనించాడు కూడా.

ఆ కుర్చీలో కూర్చోబెట్టిన రోజే, "నీకు ఏమేం వచ్చమ్మా?" అని అడిగారు మురళీధర్ గారు.

"మ్యాథ్స్, సైన్సు సార్."

గుమ్మం దగ్గర చీపురు పట్టుకుని నిలబడ్డ అత్తమ్మ గొప్పగా అందుకుంది. "మా కోడలికి తండా భాష గూడ వస్తాది సార్. లంబాడీ వాళ్ళకంటే బాగా మాట్లాడతాది."

మా అమ్మ రాచర్ల వైపు ఒక తండాలో అంగన్‌వాడీ టీచరు. అక్షరాల కంటే ముందు నాకా భాషే వచ్చింది. అమ్మను "యాడీ" అని పిలిస్తే మా నాయన నవ్వేవాడు. ఈ సంగతి చెబుతుంటే మురళీధర్ గారు మొదటిసారి నా మొహంలోకి చూశారు, బజారులో కాయ పండిందో లేదో చూసినట్టు.

"రేపే క్యాన్వాసింగుకు రా" అన్నారు.

మా వైపు ప్రైవేటు స్కూళ్ళ టీచర్లకు ఎండాకాలం సెలవులంటే ఈ క్యాన్వాసింగే. పాంప్లెట్లు పట్టుకుని ఊరూరా, ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడగాలి. పిల్లలు చేరకపోతే జూన్‌లో టీచరుకూ పని ఉండదు.

మురళీధర్ గారు, డానీ, నేను కలిసి వెళ్ళిన తండాలో ప్రతి ఇంటి ముందూ ట్యాంకరు కోసం నీలం డ్రమ్ములు వరసగా పెట్టి ఉన్నాయి. మా కంటే ముందు ఇంకేదో స్కూలు వాళ్ళు వచ్చి వెళ్ళినట్టున్నారు, రంగు కాగితాలు కంచెకు కొట్టుకుని ఎగురుతున్నాయి. ఆడవాళ్ళు తలెత్తలేదు. నేను వాళ్ళ భాషలో మంచినీళ్ళు అడిగాను. అందరి తలలూ ఒక్కసారి లేచాయి.

"ఎవరి పిల్లవే నువ్వు?" అంది సోనీబాయి అనే ముసలామె. ఇకపై ఆమె మాటలన్నీ లంబాడీలోనివే, నేను తెలుగులో రాస్తున్నాను.

ఆమె కొంగు వెనకనుంచి ఒక పిల్ల బయటికొచ్చింది. జమున. ఆమె మనవరాలు, ఆరేళ్ళుంటాయి. నా గోరింటాకు చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఇది కడిగితే పోదా? ఆ వ్యాను మీదేనా? దాంట్లో మేకను ఎక్కిస్తారా? ఆ తోలేవాడు నీ మొగుడా? ఎందుకట్లా నిన్నే చూస్తాండాడు?"

నేను పడీ పడీ నవ్వాను. ఏమందో చెప్పమని డానీ వ్యానులోంచి సైగలు చేశాడు.

సోనీబాయి మాత్రం నవ్వలేదు. "దీని అన్న రెండేళ్ళు బడికి పోయినాడు. వాళ్ళ మాట వీడికి తెలీదు, వీడి మాట వాళ్ళకు తెలీదు. మూగోడు అనుకున్నారు. ఇప్పుడు మేకల ఎంట పోతాండాడు. వాటితో బాగానే మాట్లాడతాడు" అంది. "దీని అమ్మానాయన హైదరాబాదులో బిల్డింగు పనికి పోయినారు. నాకు ఈ ఇంట్లో తోడంటే దీని మాటలే. ఈ నోరు గూడ మూతపడితే నాకు ఇల్లు అడివే. చెప్పు, మీ బడిలో మాట్లాడనిస్తారా?"

"నేనుంటా గదా యాడీ. మన మాటే మాట్లాడతా. దాంట్లోంచే తెలుగు, దాంట్లోంచే ఇంగ్లీషు నేర్పిస్తా" అన్నాను. అట్లాగే నేర్పాలని బీఈడీలో చదివాను, మా అమ్మ అట్లాగే నేర్పడం కళ్ళారా చూశాను. నాకు అనుమానమే లేదు.

ఏమన్నానో మురళీధర్ గారికి తెలుగులో చెప్పాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, "గ్యారంటీ! సుప్రియా మేడమ్ ఏం చెబితే అదే" అన్నారు. జమున తల నిమిరారు. ఆ తండా నుంచి చాలామందే చేరారు.

తిరిగి వస్తుంటే వ్యానులో ఆయన పంట్లో ఇరుక్కున్న యాలక్కాయ తొక్కను గోటితో తీసి, చూసి, మళ్ళీ నోట్లో వేసుకున్నారు. "భలే పట్టినావమ్మా. ఎర లేకుండనే పడినాయి చేపలు." ఆ తర్వాత జేబులోంచి శానిటైజరు తీసి, పిల్ల తల నిమిరిన చేతిని వేలు వేలుకూ రుద్దుకుని, సీసా నాకు అందించారు. "పట్టుకో, తండాలో తిరిగినాం గదా."

నేను తీసుకోలేదు. అద్దంలో డానీ కళ్ళు నా కళ్ళను చూసి పక్కకు తప్పుకున్నాయి. ఆ ఎండాకాలంలో నాకు మొదటిసారి నవ్వు రానిది అప్పుడే.

*

జూన్‌లో మొదటి రోజులు మాత్రం ఎంత బాగున్నాయో! నా క్లాసులో సగం తండా పిల్లలు, సగం తెలుగు పిల్లలు. ఒకరు "గావడి" అంటే ఇంకొకరు "ఆవు" అనేవారు, ఆపైన అందరూ కలిసి "కౌ" అని అరిచేవాళ్ళు. "పాణి, నీళ్ళు, వాటర్." "చాందా, చందమామ, మూన్." పిల్లలు ఇంటి నుంచి జేబులో రేక్కాయలు తెచ్చినట్టు మాటలు తెచ్చేవాళ్ళు. వెలిగండ్ల నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉంటున్న ఫెబీ అనే పిల్ల జమున పక్కన చేరి, "మీ భాషలో తిట్లు ఏంది, ఒకటి చెప్పు" అని అడిగింది. జమున చెప్పింది. నాకు అర్థమైంది, అర్థం కానట్టు బోర్డు వైపు తిరిగి నవ్వుకున్నాను. ఆ వారంలోనే జమున పలక మీద తన పేరు ఇంగ్లీషులో రాసి, "ఐ యామ్ జమున" అని నాకంటే గట్టిగా చదివింది.

ఒక సోమవారం ప్రేయరు దగ్గర మురళీధర్ గారు మైకు పట్టుకున్నారు.

"మనది ఇంగ్లీషు మీడియం. నోట్లోంచి వేరే మాట వచ్చిందంటే నోరు ఎంగిలైనట్టే. ఎంగిలి నోరు ఏం చేస్తాం? కడుక్కుంటాం. తెలుగైతే ఒకసారి వార్నింగు. తండా మాటైతే నేరుగా పంపు దగ్గరికే."

పక్కన ఉన్న టీచర్లతో మెల్లగా అన్నారు, "దెబ్బ లేదు, తిట్టు లేదు. ఎవరు కంప్లైంటు ఇస్తారు? హైజీన్!"

ఆయన ముఖంలో ఎంత సంతృప్తో! కొత్త బండి కొన్నవాడి ముఖం అట్లా ఉంటుంది.

మొదటి వంతు జమునదే. లైనులో నడుస్తూ మెట్టుకు కాలి బొటనవేలు తగిలి, "యాడీ" అని ఏడ్చింది. అంతే. దెబ్బ తగిలితే పిల్ల అమ్మా అంటుంది, జమున వాళ్ళ అమ్మను తనకు వచ్చిన మాటలో పిలిచింది. లీడరు పిల్లలు చెరో రెక్కా పట్టుకుని పంపు దగ్గరికి తీసుకెళ్ళారు. అక్కడ మగ్గుతో నిలబడి ఉంది మా అత్తమ్మ.

పిల్ల యూనిఫారం తడవకుండా అత్తమ్మ తన కొంగును దాని గడ్డం కింద పట్టింది. నీళ్ళు పోసింది. జమున పుక్కిలించి ఉమ్మేసింది. మిగతా పిల్లలంతా నేర్పినట్టు చప్పట్లు కొట్టారు. "క్లీన్! క్లీన్!" ఫెబీ కూడా కొట్టింది. బొటనవేలి నెత్తురు మాత్రం ఎవరూ కడగలేదు.

నేను తిన్నగా ఆఫీసు రూముకు వెళ్ళాను. "ఆ తండా వాళ్ళకు మనం మాట ఇచ్చినాం సార్."

ఆయన యాలక్కాయ నములుతున్నారు. "మాట ఇచ్చింది నువ్వమ్మా. అది గూడ వాళ్ళ భాషలో. నాకేం అర్థమయింది?" అని తన మాటకు తనే నవ్వుకున్నారు. "సీజన్ అయిపోయింది. ఆ భాషతో పని అయిపోయింది. ఇంక ఇంగ్లీషు చూసుకో. మళ్ళీ ఏప్రిల్లో మాట్లాడుదువులే."

*

ఆ సాయంత్రం అత్తమ్మ పప్పు, అన్నం వడ్డించి, నా గ్లాసులో నీళ్ళు పోసింది. ఆ గ్లాసును నేను ముట్టుకోలేకపోయాను. గొంతు ఎండిపోతున్నా సరే.

"ఏంది అమ్మాయ్, నీళ్ళు తాగవు?"

"పొద్దున నువ్వు నీళ్ళు పోసిన చేయి గుర్తొస్తాంది అత్తమ్మా."

డానీ ముద్ద కలపడం ఆపాడు. అత్తమ్మ తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "చేయి నాది. మాట ఆయనది. నేను గాకపోతే ఇంకొకామె పోస్తాది. అది బిడ్డ మెడ వంచి పోస్తే? నేను కొంగు అడ్డం పెట్టినా. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని ఆఫీసు రూములో బబుల్ క్యాను నీళ్ళు పట్టుకొచ్చి పోసినా, తెలుసా?"

ఆమె అది మంచితనంగానే చెప్పింది. అదే నాకు ఇంకా రోత పుట్టించింది. ఇంత పాడుపని ఇంత ప్రేమగా, తియ్యటి నీళ్ళతో కూడా చెయ్యొచ్చని నాకు ఆ పూట తెలిసింది. కంచం ముందు నుంచి లేచిపోయాను.

"ఆగు సుప్రీ," అంటూ డానీ వరండాలోకి వచ్చాడు. "కొన్నాళ్ళు ఓర్చుకో. ఈ గది పోతే యాడికి పోతాం? అమ్మకు ఈ వయసులో ఇంకొక పని ఎవరిస్తారు?"

"ఆ పిల్లల నోళ్ళు పోతే?"

డానీ లోపలికి వెళ్ళి నా కంచం మీద మూత పెట్టాడు. మర్నాడు ఉగ్గాని పొట్లం అట్లాగే మూలన ఉండిపోయింది, చీమలు పట్టాయి. వ్యాను పాట వినబడితే తలుపు వేసుకునేదాన్ని. డానీ మీద కోపం కంటే, నాకు అంత ఇష్టమైన ఆ గది నేల కింద నుంచి రోజూ "క్లీన్, క్లీన్" అని చప్పట్లు వినబడడం అసహ్యంగా ఉండేది. ఆ చప్పట్ల మీదే మా కాపురం.

క్లాసులో తలుపులు వేసి, గొంతు తగ్గించి లంబాడీలో అడిగేదాన్ని. ఒక్కరూ పలికేవారు కాదు. జమున నోటి మీద అరచెయ్యి పెట్టుకుని నన్ను భయంగా చూసేది, తనకే కాకుండా నాకూ ఏదో అవుతుందన్నట్టు. పిల్లలు మాటలు తేవడం మానేశారు.

*

ఆదివారం చర్చి అయ్యాక డానీ బండి తీసి, ఎక్కడికో చెప్పకుండా, "ఎక్కు" అన్నాడు. తండాకు తీసుకెళ్ళాడు. అడగకపోయినా తీసుకెళ్ళాడు.

సోనీబాయి నన్ను కూర్చోమనలేదు. "ఏం నేర్పించినావే మా పిల్లకి?" అంది.

జమున గుమ్మంలో పలకతో కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడి, "గుడ్ మార్నింగ్ మేడమ్" అంది. మధ్యాహ్నం అయింది.

"చూడు" అని సోనీబాయి రొట్టె ముక్క చేతికిచ్చింది. "థాంక్యూ" అంది పిల్ల. ముసలామె దాని గడ్డం పట్టుకుని బతిమాలింది. "ఏమే, నాతో ఒక్క మాట. మేక ఈనింది గదా, పిల్లలు ఎట్లుండాయో ఈమెకు చెప్పు."

జమున నావైపు చూసింది. నేను నవ్వాను, చెప్పమన్నట్టు. అప్పుడు చిన్నగా, వాళ్ళ భాషలో, "ఒకటి నల్లది" అంది.

చెప్పి, లేచి, నీలం డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. గ్లాసు ముంచి, నోట్లో పోసుకుని, పుక్కిలించి, కంచె పక్కన ఉమ్మేసింది. ఎవరూ చెప్పలేదు. చప్పట్లూ లేవు. తిరిగొచ్చి పలక పట్టుకుంది.

"నాతో మాట్లాడిన ప్రతిసారీ అంతే" అంది సోనీబాయి. "నీళ్ళు ఖర్చు అని గూడ నేను అనలే. మా మాట అంత మురికిదా బేటీ?"

డానీకి ఆ భాష రాదు. అయినా అంతా చూశాడు. తిరిగొచ్చాక స్కూలు గేటు దగ్గర బండి ఆపి, "అమ్మకు ఈ సంగతి చెప్పొద్దు. తట్టుకోలేదు" అన్నాడు. బండి స్టాండు వేసి, "నువ్వు ఏం చేసినా సరే. నేను ఉండా" అన్నాడు. పెళ్ళినాడు పాస్టరు గారి ముందు చెప్పిన మాటల కంటే నాకు ఆ రెండు ముక్కలే గుర్తుంటాయి.

*

పేరెంట్స్ మీటింగుకు షామియానా వేశారు. ముందు కుర్చీల్లో ఊళ్ళో వాళ్ళు. తండా ఆడవాళ్ళు వెనక, వాళ్ళంతట వాళ్ళే, కింద కూర్చున్నారు. పిల్లలు పక్కన వరసగా నోళ్ళు మూసుకుని ఉన్నారు. "ఎంత డిసిప్లినో చూడండి" అన్నారు మురళీధర్ గారు మైకులో. అత్తమ్మ ఒక మూల బల్ల దగ్గర టీ గ్లాసులు సర్దుతోంది, డానీ షామియానా గుంజ పక్కన నిలబడ్డాడు.

"ఇప్పుడు మన సుప్రియా మేడమ్ మీ భాషలోనే మీకు చెబుతారు!" అని మైకు నా చేతికి ఇస్తూ, "చంటోళ్ళను గూడ వచ్చే ఏడు పంపమని బాగా చెప్పమ్మా" అని గొణిగారు. మైకు ఆయన చెమటకు తడిసి జారుతోంది. కొంగుతో తుడిచి పట్టుకున్నాను.

నేను లంబాడీలో చెప్పాను. గొంతు పెంచలేదు. ఏప్రిల్లో నేనిచ్చిన మాటను ఈ బడి నిలబెట్టలేదని చెప్పాను. పిల్లలు అమ్మను పిలిచినా పంపు దగ్గర నిలబెట్టి నోరు కడిగిస్తున్నారని, మిగతావాళ్ళతో చప్పట్లు కొట్టిస్తున్నారని చెప్పాను. సోనీబాయి మనవరాలు ఇంట్లో కూడా, అవ్వతో ఒక మాట మాట్లాడి, లేచి నోరు కడుక్కుంటోందని చెప్పాను. మీ పిల్లలు మూగవాళ్ళు కారు, వాళ్ళను తిట్టొద్దు అన్నాను. పంపు దగ్గర నీళ్ళు ఎవరు పోస్తారో మాత్రం చెప్పలేదు.

నేను మాట్లాడుతున్నంతసేపూ మురళీధర్ గారు చిరునవ్వుతో తలాడిస్తూనే ఉన్నారు. అయిపోగానే అందరికంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టారు. టీచర్లు కొట్టారు. ముందు కుర్చీల వాళ్ళూ కొట్టారు. వెనక కింద కూర్చున్నవాళ్ళు ఒక్కరూ కొట్టలేదు. వాళ్ళు తమ పిల్లల నోళ్ళ వైపు చూస్తున్నారు.

తర్వాత సంగతులు వింతవేమీ కావు. గది పోయింది, మా ముగ్గురి పనులూ పోయాయి. గిద్దలూరులో చిన్న ఇంట్లో ఉంటున్నాం. డానీ ఆటో నడుపుతాడు. తండా పిల్లల్లో కొందరు సర్కారు బడిలో చేరారు, కొందరు ఆ స్కూలుకే తిరిగి వెళ్ళారు, ఇంగ్లీషు కావాలి గదా. మగ్గు మాత్రం తీసేశారట. వచ్చే ఏప్రిల్ క్యాన్వాసింగుకు తండా భాష వచ్చిన ఇంకో టీచరు కోసం చూస్తున్నారట. తలుచుకుంటే ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది.

కానీ ఆ మధ్యాహ్నం, చప్పట్లు ఆగాక, టీ బల్ల దగ్గర నుంచి అత్తమ్మ నడిచి వచ్చింది. మైకు తీసుకోలేదు. వెనక కూర్చున్నవాళ్ళ ముందుకు వెళ్ళి నిలబడి, తడబడుతూ, ముక్కలు ముక్కలుగా లంబాడీలో మొదలుపెట్టింది. నేనూ డానీ మొహమొహాలు చూసుకున్నాం. తన పెళ్ళికి ముందు అత్తమ్మ ఏటా తండా ఆడవాళ్ళతో కలిసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేదట. కన్న కొడుక్కి కూడా తెలియదు. నేను చెప్పిందంతా ఆమెకు అర్థమైంది. జమున ఇంట్లో నోరు కడుక్కుంటోందన్నది కూడా.

అదే మాటను మళ్ళీ తెలుగులో, మురళీధర్ గారికి వినబడేట్టు, అందరికీ వినబడేట్టు చెప్పింది.

"మా కోడలు ఒక మాట దాచిపెట్టింది. నీళ్ళు పోసింది నేను. ఈ చేత్తోనే."

చిరునవ్వు ఇంకా మురళీధర్ గారి ముఖం మీదే ఉంది, తీసెయ్యడం మర్చిపోయినట్టు.

సోనీబాయి లేచింది. కొడుతుందేమో అనుకున్నాను. ఆమె వరసలోంచి జమున చెయ్యి పట్టి తీసుకొచ్చి అత్తమ్మ ఎదురుగా నిలబెట్టింది. "నాకు గాదు. దీనికి చెప్పు" అంది.

అత్తమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. జమున ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత, వాళ్ళ భాషలో, షామియానా అంతా వినబడేంత గట్టిగా అడిగింది.

"నీకు మా మాట వచ్చా? మరి ఆ రోజు నేను ఏడ్చినప్పుడు ఎందుకు మాట్లాడలేదు?"

అత్తమ్మ నోరు తెరిచింది. జమున జవాబు కోసం అట్లాగే తలెత్తి నిలబడింది.